తెగులుకు తెగులే మందు!

అనంతపురం, శ్రీసత్యసాయి జిల్లాల ఎర్రనేలల్లో శనక్కాయ వేసిన రైతులకు ఇది తెలిసిన బాధే. నిన్నటిదాకా పచ్చగా ఉన్న చెట్టు ఊడలు దిగే వేళ ఉన్నట్టుండి వడలిపోతుంది. పట్టి లాగితే మొదలు దగ్గర తెగి పైభాగమే చేతికొస్తుంది. కాయలు నేలలోనే ఉండిపోతాయి. తెగినచోట తెల్లటి బూజు, దానిమీద ఆవగింజల్లాంటి గుండ్లు. అదే కాండం కుళ్లు తెగులు. ఆ గుండ్లు ఏళ్ల తరబడి మట్టిలో నిద్రపోయి, అదను చూసి మళ్లీ లేస్తాయి. చేనంతా మట్టిని మందుతో తడపడం ఎవరి తరం?

దీనికి విరుగుడూ ఓ బూజే. పేరు ట్రైకోడెర్మా. ఇది సాటి శిలీంధ్రాన్నే పట్టి తింటుందని 1932లోనే రిచర్డ్ వైండ్లింగ్ అనే శాస్త్రవేత్త రాశారు. శత్రువు పోగులకు పాములా చుట్టుకుంటుంది. ఎంజైములు వదిలి వాటి గోడల్ని కరిగించి, లోపలి సారం పీల్చేస్తుంది. పైగా వేరు చుట్టూ ముందే చోటు పట్టేస్తుంది... బస్సు కిటికీలోంచి తువ్వాలు వేసి సీటు ఆపినట్టన్నమాట! ఆముదం, కుసుమల ఎండు తెగుళ్ల మీదా దీన్ని వాడుతున్నారు.

కిలో విత్తనానికి 10 గ్రాముల పొడి పట్టిస్తే విత్తనానికి కాపలా. నేలకైతే 90 కిలోల మాగిన పశువుల ఎరువు, 10 కిలోల వేపపిండిలో 2 కిలోల పొడి కలిపి, తడి ఆరకుండా నీడలో పదిహేను రోజులు ఉంచాలి. పాలకు తోడు పెట్టినట్టే!

చిక్కల్లా ఇక్కడే వస్తోంది. ప్యాకెట్‌లో ఉన్నది మందు కాదు, ప్రాణి. దాని ఆయుష్షు కొద్ది నెలలే. ఎండలో పడేసినా, కార్బెండజిమ్ లాంటి శిలీంధ్రనాశినితో కలిపినా చచ్చిపోతుంది. ఆ చచ్చిన పొడి చల్లి, 'పనిచెయ్యలేదు' అనుకునేవాళ్లున్నారు. తప్పు వాళ్లదని అనలేం. తయారీ తేదీ చూడమని అమ్మేవాళ్లయినా చెప్పాలి కదా! ఇప్పటికే వడలిన చెట్టును ఇది బతికించదనీ చెప్పాలి.

అన్నీ సరిగ్గా చేసినా దానికి తిండి కావాలి. సేంద్రియ పదార్థం లేని నేలలో అది నిలవదు. ట్రాక్టర్లొచ్చి ఎడ్లు పోయిన ఊళ్లలో పొడి దొరికినంత తేలిగ్గా పేడ దొరకడం లేదు.