సాక్షులు వెళ్లిపోతున్నారు

హిరోషిమాపై అణుబాంబు పడి 2025 ఆగస్టు 6వ తేదీకి, నాగసాకిపై పడి 9వ తేదీకి 80 ఏళ్లు నిండాయి. 1945 ముగిసేలోగా హిరోషిమాలో సుమారు లక్షా 40 వేల మంది, నాగసాకిలో 70 వేలకు పైగా మరణించారని అంచనా. బతికి బయటపడినవారిని జపనీయులు 'హిబాకుషా' అంటారు. వారికి జపాన్ ప్రభుత్వం ఒక గుర్తింపు పుస్తకం ఇస్తుంది. ఒకప్పుడు ఆ పుస్తకం ఉన్నవారు 3 లక్షల 70 వేలకు పైగా ఉండేవారు. 2025 మార్చి చివరికి ఆ సంఖ్య తొలిసారి లక్షకు దిగువన పడింది. వారి సగటు వయస్సు 86 దాటింది.

వక్ఫ్ భూములు, విద్యార్థి వేతనాలు, రిజర్వేషన్లు వంటి సమస్యలు ఇన్ని ఉండగా జపాన్ ముచ్చట ఎందుకని పాఠకులు అడగవచ్చు. హిబాకుషాల చరిత్ర బాంబుతో ముగిసిన చరిత్ర కాదు. తమ బాధను బాధగా ఒప్పించుకోవడానికే వారు ఏళ్ల తరబడి పోరాడవలసి వచ్చింది. అందుకే అది మనదీ అవుతుంది.

మొదట అమెరికా ఆక్రమణ ప్రభుత్వం బాంబు గురించిన రాతలపై ఆంక్షలు పెట్టింది. తరువాత సొంత సమాజమే దూరం పెట్టింది. వ్యాధి అంటుతుందని, పుట్టే బిడ్డలు సరిగా ఉండరని భయపడి సంబంధాలు వదులుకున్నారు, ఉద్యోగాలు నిరాకరించారు. చాలామంది తాము ఆ ఊరివారమని చెప్పుకోవడమే మానేశారు. 1954లో బికినీ దీవుల వద్ద అమెరికా జరిపిన హైడ్రోజన్ బాంబు పరీక్ష ఒక జపాన్ చేపల పడవను విషధూళితో ముంచిన తరువాత జనం కదిలారు. అణ్వస్త్రాలకు వ్యతిరేకంగా మూడు కోట్లకు పైగా సంతకాలు పోగయ్యాయి. ఆ కదలికలోనే 1956 ఆగస్టు 10న నాగసాకిలో బాధితుల సమాఖ్య 'నిహోన్ హిదాంక్యో' పుట్టింది. మరుసటి ఏడాది వైద్య సహాయ చట్టం వచ్చింది.

ఆ చట్టం కూడా అందరికీ సమంగా అందలేదు. నాడు కొరియా జపాన్ వలసగా ఉండేది. బతుకుతెరువుకు వచ్చినవారు, బలవంతపు పనికి తరలించబడినవారు వేలాదిగా ఆ నగరాల్లో కాలిపోయారు. బతికి స్వదేశం చేరినవారికి సహాయం ఆగిపోయింది. జపాన్ విడిచి వెళితే భత్యానికి అర్హత పోతుందని 1974లో ఒక ఉత్తర్వు జారీ అయింది. కోర్టుల చుట్టూ ఏళ్ల తరబడి తిరిగిన తరువాత, 2003లో గాని దానిని ఉపసంహరించలేదు. కొరియన్ మృతుల స్మారక శిలను 1970లో నిలిపినపుడు అది శాంతి ఉద్యానవనం వెలుపలే ఉంది. లోపలికి రావడానికి 1999 దాకా పట్టింది. బాంబు ఎవరి పౌరసత్వమూ అడగలేదు. అడిగింది కార్యాలయం. దస్త్రాల మధ్యనే ఉద్యోగ జీవితం గడిపిన మాకు, ఒక్క ఉత్తర్వు కాగితం ఎన్ని ఇళ్లను చీకటి చేయగలదో వేరే చెప్పనక్కరలేదు. పౌరసత్వ జాబితా కోసం కాగితాలు పట్టుకుని పరుగులు తీసిన అస్సాం కుటుంబాలకు అసలే చెప్పనక్కరలేదు.

మన పిల్లలకు తెలియని మరో సంగతి ఉంది. ఆ ఉదయం హిరోషిమాలో ముస్లిం విద్యార్థులు కూడా ఉన్నారు. యుద్ధకాలంలో ఆగ్నేయాసియా నుంచి జపాన్ తీసుకువచ్చిన యువకులు కొందరు అక్కడి విశ్వవిద్యాలయంలో చదువుతున్నారు. మలయాకు చెందిన నిక్ యూసుఫ్ బాంబుకు బలయ్యాడు. సయ్యద్ ఉమర్ ఆ వేడికి, కిరణాలకు గురై, సెప్టెంబరు మొదట్లో క్యోటోలో కన్నుమూశాడు. బతికినవారిలో అబ్దుల్ రజాక్ స్వదేశం చేరి జపనీస్ భాషా బోధకుడయ్యారు. బ్రునైకి చెందిన పెంగిరాన్ యూసుఫ్ తన దేశ ప్రభుత్వానికి అధిపతి అయ్యారు. బాంబు పడిన తరువాతి రోజుల్లో, బతికిన ఈ పరదేశీ విద్యార్థులు కాలిన విశ్వవిద్యాలయ ఆవరణలో జపాన్ బాధితులతో కలిసి తలదాచుకున్నారు, ఉన్నది పంచుకుతిన్నారు.

2024లో నోబెల్ శాంతి బహుమతి హిదాంక్యోకు దక్కింది. వార్త విన్న రోజున సంస్థ సహాధ్యక్షుడు తొషియుకి మిమాకి కన్నీళ్లు పెట్టుకుంటూ గాజాను తలచుకున్నారు. నెత్తురోడుతున్న బిడ్డలను ఎత్తుకున్న అక్కడి తల్లిదండ్రులు తమ నాటి జపాన్‌ను గుర్తుచేస్తున్నారన్నారు. ఆ పోలిక అనుచితమని జపాన్‌లోని ఇజ్రాయెల్ రాయబారి అభ్యంతరం చెప్పారు. కాలిన శవాల మధ్య బాల్యం గడిపిన మనిషికి ఏ పోలిక తగునో నేర్పే అర్హత ఎవరికుందో మాకు అర్థం కాలేదు. డిసెంబరు 10న ఓస్లోలో ప్రసంగించిన 92 ఏళ్ల తెరుమి తనాకా పదమూడేళ్ల వయస్సులో నాగసాకిలో అయిదుగురు బంధువులను పోగొట్టుకున్నవారు. సన్మానవేదికపై నిలబడి కూడా, మృతులకు తమ ప్రభుత్వం ఇప్పటికీ ఎలాంటి పరిహారమూ ఇవ్వలేదని ఆయన మళ్లీ మళ్లీ గుర్తుచేశారు.

ఇక మన సంగతి. 1998 మేలో పోఖ్రాన్‌లోను, చాగైలోను బాంబులు పేలినపుడు రెండు దేశాల వీధుల్లోనూ మిఠాయిలు పంచారు. 'ఇస్లామిక్ బాంబు' అన్న మాట విని లోలోపల పొంగినవారు మన సమాజంలోనూ లేకపోలేదు. యుద్ధంలో స్త్రీలను, పిల్లలను చంపరాదన్నది దైవప్రవక్త (స) ఆదేశం. వృద్ధులను, ఆశ్రమాల్లోని సన్యాసులను తాకరాదని, పండ్లచెట్లను నరకరాదని తొలి ఖలీఫా తన సేనలకు ఆజ్ఞాపించారు. వీటిలో ఒక్కదానినైనా పాటించగల అణుబాంబు ఉంటే చూపించమనండి. అది ఢిల్లీ చేతిలో ఉన్నా, ఇస్లామాబాద్ చేతిలో ఉన్నా, టెల్ అవీవ్ చేతిలో ఉన్నా మా మాట ఒక్కటే. ముస్లింలు అధికంగా ఉన్న కజకిస్తాన్ ఈ విషయంలో ఆదర్శం. సోవియట్ కాలంలో సెమిపలాతిన్‌స్క్‌లో 456 అణుపరీక్షలకు తన ప్రజలను బలిచ్చుకున్న ఆ దేశం 1991లో ఆ మైదానాన్ని మూసివేసింది, తన గడ్డపై మిగిలిన వెయ్యికి పైగా అణ్వస్త్రాలను వదులుకుంది. 2017లో 122 దేశాలు ఆమోదించిన అణ్వస్త్ర నిషేధ ఒప్పందంలోనూ చేరింది. భారత్, పాకిస్తాన్ చేరలేదు. జపాన్ కూడా చేరలేదు. అది హిబాకుషాల తీరని బాధ.

సాక్షులు వెళ్లిపోయాక ఏమిటన్న ఆలోచనతో హిరోషిమా నగరం 2012 నుంచి వారి అనుభవాలను నేర్చుకుని తిరిగి చెప్పే వారసులకు శిక్షణ ఇస్తోంది. అదే నగర విద్యామండలి 2023లో, బాంబు కింద బతికిన బాలుని బొమ్మల కథ 'బేర్‌ఫుట్ జెన్'ను శాంతి పాఠాల నుంచి తీసివేసింది. పాఠాలు తొలగించే జబ్బు ఎక్కడైనా ఉంటుందన్నమాట.

మన మైనారిటీ గురుకులాల్లో, మదర్సాల్లో, సాయంత్రం ఇళ్లలో ఒక్క అరగంట ఈ సంగతి పిల్లలకు చెప్పమని ఉపాధ్యాయులను, తల్లిదండ్రులను కోరుతున్నాము. ఎక్కడ మొదలుపెట్టాలో తోచనివారు నిక్ యూసుఫ్ దగ్గర మొదలుపెట్టవచ్చు. ఇల్లు విడిచి చదువుకోసం సముద్రం దాటి వెళ్లిన ఆ కుర్రవాని సమాధిని హిరోషిమా శివార్లలోని ఒక బౌద్ధాలయం నేటికీ కాపాడుతోంది.