కొలవని చోటే పగిలింది

రిఫైనరీ పైపులకు తుప్పు లెక్క కట్టేవాళ్లం మేం. విశాఖ, జామ్‌నగర్, జుబైల్, రువైస్ ఎక్కడికెళ్లినా ఈ పనిలో మన తెలుగువాళ్లు తగులుతూనే ఉంటారు. ఎక్కడైనా పైపు పగిలిందంటే మా అందరి నోటా ముందుగా వచ్చే మాట ఒకటే: ‘మేం రిపోర్టులో రాశాం.’ నిజమే, రాశాం. ఏం రాశామో, ఎలా రాశామో మాత్రం ఎవరూ అడగరు, మేమూ చెప్పం.

2012 ఆగస్టు 6న కాలిఫోర్నియాలోని రిచ్‌మండ్‌లో, షెవ్రాన్ రిఫైనరీ క్రూడ్ యూనిట్‌లో ఒక 8 అంగుళాల పైపు కారడం సాయంత్రం నాలుగు కాకముందే కంటపడింది. యూనిట్ ఆపలేదు. లీకు ఎక్కడుందో చూద్దామని నడుస్తున్న లైను మీదే ఇన్సులేషన్ ఊడదీస్తుంటే, ఆరున్నర ప్రాంతంలో పైపు చీలిపోయింది. 19 మంది నూనె ఆవిరి మేఘంలో చిక్కుకున్నారు. అందరూ ప్రాణాలతో బయటపడటం వాళ్ల అదృష్టం, అందులో మా ప్రతిభేమీ లేదు. చుట్టుపక్కల సుమారు 15,000 మంది తర్వాతి రోజుల్లో వైద్యం కోసం ఆసుపత్రులకు వెళ్లారు.

చీలిన ముక్క పొడవు 52 అంగుళాలు. నూనెలోని సల్ఫర్ సమ్మేళనాలు 260 డిగ్రీల సెల్సియస్ దాటిన వేడిలో కార్బన్ స్టీల్‌ని తినేస్తాయి. ఉక్కులో సిలికాన్ 0.10 శాతం కన్నా తగ్గితే ఆ అరుగుదల మరీ ఎక్కువ. ఆ ముక్కలో సిలికాన్ 0.01 శాతం. దానికి ఆనుకుని ఉన్న ఎల్బోలో 0.16. ఇక్కడే మా చదువు బయటపడుతుంది. ఎల్బో దగ్గర ప్రవాహం మలుపు తిరుగుతుంది, కాబట్టి అరిగితే అదే ముందు అరగాలి, కొలిస్తే దాన్నే కొలవాలి అని నేర్చుకున్నాం. ఎల్బో బాగానే ఉంది. తిన్నగా సాగిన ఆ ముక్క మీద కొలత పాయింటే లేదు. 1976లో వేసిన పైపు, పగిలే నాటికి చీలిక దగ్గర సగటున పదింట తొమ్మిది వంతుల మందం పోగొట్టుకుంది.

అన్నం ఉడికిందో లేదో తెలియడానికి ఒక్క మెతుకు పట్టి చూస్తే చాలంటారు. ఆ మెతుకులన్నీ ఒకే ఎసట్లో ఉడికినవి. పైపులైనులో ఒక్కో ముక్క ఒక్కో కొలిమిలోంచి వచ్చింది. ఈ తేడా తెలిసీ మేం మెతుకు పట్టి చూసి సరిపెట్టుకున్నాం.

తెలియక జరిగింది కాదు. తక్కువ సిలికాన్ సంగతి చెప్పే మార్గదర్శకం, ఏపీఐ 939-సి, 2009లోనే వచ్చింది. అలాంటి లైన్లలో ప్రతి ముక్కనూ కొలవాలని అదే ఏడాది ఆ కంపెనీ సొంత నిపుణులే సిఫారసు చేశారు. 2011లో తనిఖీలకు, మరమ్మతులకు యూనిట్ ఆపే షట్‌డౌన్ వచ్చింది, వెళ్లిపోయింది. ఆ ముక్క అలాగే ఉండిపోయింది.

షట్‌డౌన్‌లో మేం చేసేదేమిటో కాస్త దగ్గరగా చూడండి. రంగు గీకి, జెల్ పూసి, ప్రోబ్ ఆనిస్తే గేజ్ మీద 6.8 మిల్లీమీటర్లు అని వస్తుంది. కిందటిసారి అదే పాయింటులో 6.6 ఉంది. ఉక్కు లావెక్కదు, రెండింట్లో ఒక అంకె తప్పు. ఏది తప్పో తేలాలంటే మళ్లీ కొలవాలి. కానీ అప్పటికే పక్క లైను వాళ్లు పిలుస్తుంటారు, పర్మిట్ గడువు అయిపోతుంటుంది. ‘అరుగుదల సున్నా’ అని రాసి ముందుకు కదులుతాం. ఉన్న మందంలోంచి ఉండాల్సిన కనీస మందం తీసేసి ఏడాది అరుగుదలతో భాగిస్తే పైపు మిగిలిన ఆయుష్షు వస్తుంది. అరుగుదల సున్నా అయితే ఆ పైపు చిరంజీవి! పైప్‌ర్యాక్ మీద ఎత్తులో ఉన్న పాయింటుకు స్కాఫోల్డింగ్ రాకపోతే ‘అందుబాటులో లేదు’ అంటాం. వచ్చే షట్‌డౌన్‌లోనూ అదే మాట కాపీ అవుతుంది.

ఇక రిస్క్ మ్యాట్రిక్స్. పగిలే అవకాశాన్ని పగిలితే కలిగే నష్టంతో గుణించి గళ్లకు రంగులు వేస్తాం. పద్ధతి మంచిదే. ఎర్ర గళ్లలో లైన్లు ఎక్కువైతే ప్లానింగ్ వాళ్ల మొహాలు మాడతాయి. అప్పుడు జరిగిన తనిఖీ ఎంత గట్టిదన్న గ్రేడు దగ్గర ‘సి’ని ‘బి’ చేస్తే చాలు, ఎరుపు పసుపవుతుంది. పైపు మందం వెంట్రుకవాసి కూడా పెరగదు. మీటింగ్ మాత్రం సజావుగా ముగుస్తుంది.

రిచ్‌మండ్ ఒక్కటే కాదు. 2001 ఏప్రిల్ 16న ఇంగ్లండ్‌లోని హంబర్ రిఫైనరీలో నీళ్ల ఇంజెక్షన్ తర్వాతి ఎల్బో పగిలింది. ఆ ఇంజెక్షన్ అసలు డిజైన్‌లో లేదు, తర్వాత కలిపారు. ఏడెనిమిది మిల్లీమీటర్ల గోడ 0.3 మిల్లీమీటర్లకు వచ్చింది. 2019 జూన్ 21న ఫిలడెల్ఫియాలో మరో ఎల్బో, అదీ 0.3 మిల్లీమీటర్లే. దాని ఉక్కులో నికెల్, రాగి ఎక్కువ కావడంతో హైడ్రోఫ్లోరిక్ ఆమ్లం దాన్ని పక్క ముక్కల కన్నా వేగంగా తినేసింది. పక్క ముక్కల మీద కొలత పాయింట్లు ఉన్నాయి, దాని మీద లేదు. పేలుడుకు సుమారు 17 టన్నుల పాత్ర ఒకటి ఎగిరి నది అవతలి గట్టున పడింది. ఆ రిఫైనరీ మళ్లీ తెరుచుకోలేదు.

ఇవన్నీ దూరపు ఊళ్లు అనుకుంటే కోనసీమలోని నగరం గ్రామం ఉంది. అది రిఫైనరీ కాదు, గ్యాస్ పైపులైను. తుప్పు మాత్రం అదే తుప్పు. 2014 జూన్ 27 తెల్లవారుజామున 18 అంగుళాల లైను లీకై అంటుకుని ఇరవై మందికి పైగా చనిపోయారు. పొడి గ్యాస్ కోసం వేసిన లైనులో తడి గ్యాస్ పంపారని, లోపల తుప్పు పట్టిందని విచారణ తేల్చింది. నీరు చేరిన పైపు అడుగు తుప్పు పడుతుందన్నది మా వృత్తిలో ఓనమాలు.

తిలాపాపం తలా పిడికెడు. ఆపరేషన్స్ వాళ్లు ఆపలేదు, మేనేజ్‌మెంట్ డబ్బు ఇవ్వలేదు. మా పిడికెడు ఏమిటంటే, ‘ఈ లైను నడపకూడదు’ అనాల్సిన చోట ‘గమనిస్తూ ఉండాలి’ అని రాసి సంతకం పెట్టాం. మందం పోయిందని తెలిసిన లైనుకు ఆ మాట రాసే ఇన్‌స్పెక్టర్ తన ఉద్యోగాన్ని కాపాడుకుంటున్నాడు, పైపును కాదు.

తోటి ఇన్‌స్పెక్టర్లకు ఒక్క విన్నపం. వచ్చే షట్‌డౌన్ రిపోర్టులో, కొలవని పాయింట్ల పట్టికను చివరి అనుబంధంలోంచి తీసి మొదటి పేజీలో పెట్టండి. దాని కిందే సంతకం చేయమని ప్లాంట్ మేనేజర్‌ను అడగండి.