పరదా తాళం కాదు

మీ తరగతి ఒక పని చేపట్టిందనుకుందాం. రోజూ కురిసిన వాన కొలుస్తారు. అందరి ఎత్తు, బరువు కూడా రాస్తారు. అన్నీ బడి కంప్యూటరులో ఎక్కించి, పేరు, పాస్‌వర్డు చెప్పినవారికే కనిపించేలా ఒక చిన్న ప్రోగ్రాము తగిలిస్తారు. ఇక భయం లేదనుకోవచ్చునా?

ఆ ప్రోగ్రాము ఎక్కడ అడ్డుపడుతుందో చూడాలి. సమాచారం దాచిన కంప్యూటరే అడిగినవారెవరో తేల్చుకుని, అనుమతి ఉంటేనే పంపితే అది తాళం. అంతా పంపేసి, తెరమీద మాత్రం కనబడకుండా చేస్తే అది గుమ్మానికి కట్టిన పరదా. చూడదలచినవాడు దాన్ని తొలగించి చూస్తాడు.

అసలు తాళం కూడా ఒక్కోసారి మోసం చేస్తుంది. 1960ల్లో అమెరికాలోని మసాచుసెట్స్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టెక్నాలజీలో ఒకే కంప్యూటరును అనేకమంది పంచుకునేవారు. ఎవరి ఫైళ్లు వారికే దక్కాలని పాస్‌వర్డులు పెట్టారు. ఒకనాడు ఒక నిర్వాహకుడు అందరికీ చూపే ప్రకటననూ, మరొకరు పాస్‌వర్డుల పట్టికనూ ఒకే సమయంలో దిద్దుతున్నారు. ఇద్దరి తాత్కాలిక ఫైళ్లకూ ప్రోగ్రాము ఒకే పేరు పెట్టడంతో అవి తారుమారయ్యాయి. లోపలికి వచ్చిన ప్రతివారికీ ప్రకటనకు బదులు అందరి పాస్‌వర్డులూ అచ్చయ్యాయి! అక్కడ దొంగ ఎవరూ లేడు. ప్రోగ్రాములో లోపం ఒక్కటే ఉంది.

కాబట్టి తాళం వేసే ముందు, అది దేనికి అవసరమో ఆలోచించాలంటాను. "మా బడి సంగతులు మాకే" అని అన్నిటికీ వేసేయడం సులువే. కాని వాన లెక్కకు తాళమెందుకు? పక్క ఊరి పిల్లలు తమ కొలతలతో పోల్చి చూస్తేనే మీ లెక్కలో తప్పుంటే బయటపడుతుంది. విజ్ఞానశాస్త్రం పెరిగేది అలాగే.

ఎత్తు, బరువుల సంగతి వేరు. తోటి విద్యార్థిని గేలి చేయడానికి ఆ ఒక్క అంకె చాలు. వాటికి తాళం ఉండవలసిందే. తరగతి సగటు మాత్రమే కావాలంటే అసలు పేర్లే రాయకండి. రాయని పేరు ఏ లోపం వల్లా బయటికి రాదు.

మీ రికార్డు తెరిచి ఒక్కొక్క గడినీ ప్రశ్నించండి: ఇది నలుగురికీ పనికొచ్చేదా? ఒకరిని బాధపెట్టేదా? మొదటిదాన్ని తెరిచి ఉంచండి. రెండోదానికి తాళం వేయండి, లేదా రాయడమే మానండి.