నర్సు బిడ్డ కాయితాలు ఇవ్వండి, దారి ఆమే చూసుకుంటది

నర్సింగ్ చదివిన మన బిడ్డ ముందు ఇవ్వాళ మూడు దారులున్నాయి. ఒకటి, ప్రైవేటు దవాఖానలో చాలీచాలని జీతానికి నైట్ డ్యూటీలు చేయడం. రెండు, సర్కారు నోటిఫికేషన్ కోసం కళ్లు కాయలు కాసేలా ఎదురుచూడటం. మూడు, పాస్‌పోర్టు తీసుకుని పరాయి దేశం పరీక్షకు కూర్చోవడం. వరంగల్, కరీంనగర్, ఖమ్మం, నల్లగొండ హాస్టళ్లలో నర్సింగ్ విద్యార్థినుల నడుమ నలిగే మాట ఒకటే: ఎన్‌క్లెక్స్. అమెరికాలో రిజిస్టర్డ్ నర్సుగా పనిచేయాలంటే తప్పక గట్టెక్కాల్సిన లైసెన్సు పరీక్ష ఇది. క్యూబెక్ తప్ప మిగతా కెనడా 2015 నుంచి ఇదే పరీక్షను పెట్టుకున్నది. బయట చదివి వచ్చిన నర్సులకు ఆస్ట్రేలియా కూడా 2020 నుంచి దీన్నే తొలి గడప చేసింది. పరీక్షా కేంద్రం హైదరాబాద్‌లోనే ఉంది. కేంద్రం దగ్గరే, దారే దూరం. ఆ దూరం ఎవరు పెంచుతున్నారన్నదే మనం తేల్చుకోవాల్సిన లెక్క.

ముందుగా పరీక్ష సంగతి. దీన్ని నడిపేది నేషనల్ కౌన్సిల్ ఆఫ్ స్టేట్ బోర్డ్స్ ఆఫ్ నర్సింగ్. ఒకప్పుడు కాగితం మీద, ఏడాదికి రెండుసార్లు పెట్టేవాళ్లు. 1994లో కంప్యూటర్‌కు మార్చారు. 2023 ఏప్రిల్ 1 నుంచి కొత్త రూపం వచ్చింది. కనీసం 85 ప్రశ్నలు, ఎక్కువలో ఎక్కువ 150, సమయం ఐదు గంటలు. ఒక ప్రశ్నకు సరిగ్గా జవాబిస్తే కంప్యూటర్ ఇంకొంచెం కఠినమైనది ఇస్తది, తప్పితే కొంచెం తేలికది ఇస్తది. ఈ అభ్యర్థి స్థాయి పాస్ గీతకు పైనుందా కిందుందా అన్నది 95 శాతం నమ్మకంతో తేలగానే పరీక్ష ఆగిపోతది. అందుకే 85కే ఆగితే పాస్ అనీ, 150 దాకా పోతే ఫెయిల్ అనీ హాస్టళ్లలో తిరిగే మాటలన్నీ ఉత్త పుకార్లు. 85కు ఆగి తప్పినవాళ్లున్నారు, 150 దాకా రాసి నెగ్గినవాళ్లున్నారు. ప్రతి ప్రశ్నా కష్టంగా తోచిందంటే భయపడాల్సిన పని లేదు, పరీక్ష కట్టుబడే అట్ల ఉంది.

అసలు విషయం ప్రశ్నలో ఉంది. మన పరీక్షలు 'నిర్వచించండి', 'లక్షణాలు రాయండి' అని అడుగుతయి. ఈ పరీక్ష 'నువ్వేం చేస్తావు' అని అడుగుతది. ఒక ఉదాహరణ చూడండి. వార్డులో నలుగురు రోగులు. ఒకరికి షుగరు 180 ఉంది. ఒకరు ఆపరేషన్ అయిన మూడో రోజు నొప్పి గోలీ కావాలంటున్నరు. ఒకరు డిశ్చార్జి కాయితాల కోసం కోపంగా ఉన్నరు. నిన్న థైరాయిడ్ గ్రంథి తీసేసిన నాలుగో మనిషి మూతి చుట్టూ తిమ్మిరిగా ఉందని మెల్లగా చెప్తున్నది. ఎవరి దగ్గరికి ముందు పోవాలి? అరిచేవాళ్ల దగ్గరికి కాదు, ఆ మెల్లగా చెప్పిన మనిషి దగ్గరికి. కాల్షియం పడిపోతున్న గుర్తు అది. ఆలస్యమైతే గొంతు కండరాలు బిగిసి ఊపిరి ఆగుతది. గుర్తు పట్టడం, అర్థం చేసుకోవడం, ఏది ముందో తేల్చడం, ఏం చేయాలో ఆలోచించడం, చేయడం, ఫలితం చూడటం. కొత్త పరీక్ష ఈ ఆరు మెట్ల మీదనే నిలబడ్డది. మూడు కేస్ స్టడీలు, ఒక్కోదానికి ఆరేసి ప్రశ్నలు ఇందుకోసమే పెట్టారు.

ఇప్పుడు మన వార్డులకు రండి. ఈ పని మన నర్సుకు రాదా? రోజూ చేస్తున్నది. అర్ధరాత్రి డ్యూటీ డాక్టర్ అందుబాటులో లేనప్పుడు రోగి ముఖం చూసి ప్రమాదం పసిగట్టేది ఆమెనే. బోధనాసుపత్రిలో ముగ్గురు రోగులకు ఒక నర్సు, మామూలు ఆసుపత్రిలో ఐదుగురికి ఒకరు ఉండాలని ఇండియన్ నర్సింగ్ కౌన్సిల్ లెక్క. ఆ లెక్క ఎన్ని వార్డుల్లో అమలైతున్నదో డ్యూటీ చేసే సిస్టర్లను అడగండి, చెప్తరు. అంత మందిని ఒక్కతే చూసుకునే మనిషికి ఏది ముందో తేల్చడం కొత్త విద్య కాదు. కానీ ఆమె తేల్చిన మాటకు మన దగ్గర విలువ లేదు. రౌండ్స్‌లో ఆమె ట్రే పట్టుకుని వెనుక నిలబడాలె. 'సర్, ఈ డోసు ఎక్కువ' అంటే ఎదురు మాట్లాడినట్టు లెక్క. కాలేజీలో నోట్సు డిక్టేషన్, క్లినికల్ పోస్టింగులో జీతం లేని చాకిరీ. ఆలోచించే హక్కు ఇవ్వకుండా నాలుగేండ్లు చదివించి, ఆలోచన అడిగే పరీక్ష ముందు కూర్చోబెడితే ఆ బిడ్డ తడబడదా? అమెరికాలో చదివి 2023లో తొలిసారి రాసినవాళ్లలో నూటికి 88 మందికి పైగా నెగ్గారు. బయటి దేశాల్లో చదివినవాళ్ల ఫలితం ఆ దరిదాపుల్లో లేదు. తెలివి తక్కువై కాదు, చదువు చెప్పిన తీరు తక్కువై.

ఇంకో తేడా కూడా ఉంది. 2023 నాటి టెస్ట్ ప్లాన్‌లో 15 నుంచి 21 శాతం ప్రశ్నలు ఒక్క 'కేర్ మేనేజ్‌మెంట్' మీదనే. ఏ పని సహాయకులకు అప్పగించాలె, ఏది తానే చేయాలె అన్నది అందులో పెద్ద భాగం. రోగిని అంచనా వేయడం, రోగికి నేర్పడం, ఫలితాన్ని బేరీజు వేయడం రిజిస్టర్డ్ నర్సు ఇతరులకు అప్పగించరాదు. మన వార్డుల్లో మంచం పట్టీ మార్చేది, మూత్రం కొలిచేది, అన్నం పెట్టేది రోగి వెంట వచ్చిన బంధువే. కాబట్టి ఈ సూత్రం మన బిడ్డకు పుస్తకంలో తప్ప ఎక్కడా కనపడదు. మందుల పేర్లు కూడా అంతే. మన దగ్గర చీటీ మీద రాసేది కంపెనీ పేరు, అక్కడ అడిగేది మందు అసలు పేరు. మనం పారాసెటమాల్ అనేదాన్ని వాళ్లు అసిటమినోఫెన్ అంటరు, అడ్రినలిన్‌ను ఎపినెఫ్రిన్ అంటరు. తెలిసిన మందే తెలియని పేరుతో ఎదురైతే ఒక మార్కు పాయె.

ఈ సందులోకే కోచింగ్ బజారు దూరింది. 'గ్యారంటీ పాస్', 'నిన్న వచ్చిన ప్రశ్నలు' అని వేలకు వేలు గుంజుతున్నరు. ఒక్క మాట గట్టిగా చెప్పాలె. ఇది ఒక్కొక్కరికి ఒక్కో ప్రశ్నల వరుస వచ్చే పరీక్ష. నిన్నటి ప్రశ్నలు బట్టీ పడితే రేపు అక్కరకు రావు. పైగా ప్రశ్నలు బయటపెట్టడం, కొనుక్కోవడం పట్టుబడితే ఫలితమే రద్దయితది. అసలు సిలబస్, అంటే టెస్ట్ ప్లాన్, పైసా తీసుకోకుండా ఆ కౌన్సిలే అందరికీ ఇస్తున్నది. దాన్ని ముందు పెట్టుకుని, రోజుకు యాభై అరవై ప్రశ్నలు చేసి, తప్పిన ప్రతి ప్రశ్నకు 'ఎందుకు తప్పింది' అని నోటుబుక్కులో రాసుకునే నలుగురు స్నేహితురాళ్ల గుంపు ఏ కోచింగ్ సెంటర్‌కూ తీసిపోదు. తప్పినా లోకం మునగదు. కౌన్సిల్ నిబంధన ప్రకారం 45 రోజుల తర్వాత మళ్లీ రాయొచ్చు. ఏ అధ్యాయంలో గీతకు కింద ఉన్నారో చెప్పే రిపోర్టు కూడా ఇస్తరు. దాన్ని చదివి మళ్లీ మొదలుపెట్టాలె. కాకపోతే ప్రతిసారీ రుసుం 200 డాలర్లు, దేశం బయట రాస్తున్నందుకు మరో 150 డాలర్లు, పైన పన్ను. మన పైసల్లో ముప్పై వేలు దాటుతది. చిన్న జీతం నర్సుకు అది నెలల కష్టార్జితం. అందుకే తయారు కాకుండా తేదీ తీసుకోవద్దు.

ఇగ అసలు గోస కాయితాలది. పరీక్ష ఐదు గంటల్లో అయిపోతది, కాయితాలు ఏండ్లు తింటయి. 1977లో సీజీఎఫ్‌ఎన్‌ఎస్‌గా మొదలై 2025లో ట్రూమెరిట్ అని పేరు మార్చుకున్న సంస్థ చాలామంది చదువును మదింపు చేస్తది. కాలేజీ నుంచి మార్కుల వివరాలు, క్లినికల్ గంటల లెక్క దానికి నేరుగా చేరాలె. నర్సింగ్ కౌన్సిల్ నుంచి రిజిస్ట్రేషన్ ధ్రువీకరణ నేరుగా పోవాలె. అభ్యర్థి చేతికిచ్చి పంపితే చెల్లదు. అంటే ఆమె భవిష్యత్తు ఒక క్లర్కు బల్ల మీద ఉన్నట్టే. మూతబడిన కాలేజీలో చదివిన బిడ్డ ఎవరిని అడగాలె? రాష్ట్రం 2014 జూన్ 2న ఏర్పడ్డది. అంతకుముందు ఇక్కడ బీఎస్సీ నర్సింగ్ చదివినవాళ్ల డిగ్రీ విజయవాడలోని ఎన్టీఆర్ ఆరోగ్య విశ్వవిద్యాలయానిది, రిజిస్ట్రేషన్ ఉమ్మడి రాష్ట్ర కౌన్సిల్‌ది. తర్వాతి తరానికి వరంగల్‌లో కాళోజీ విశ్వవిద్యాలయం వచ్చింది, సొంత కౌన్సిల్ వచ్చింది. మంచిదే. కానీ పాత తరం సిస్టర్ రెండు రాష్ట్రాల నడుమ ఫైలు పట్టుకుని తిరగాల్సి వస్తే, రాష్ట్రం తెచ్చుకున్న ఫలం ఆమెకు అందినట్టేనా?

దీనికి తోడు సర్టిఫికెట్ల జప్తు. కొలువులో చేరేటప్పుడు ఒరిజినల్స్ తీసుకుని బీరువాలో పెట్టి తాళం వేసే యాజమాన్యాలున్నయి. బాండు పైసలు కట్టందే ఇవ్వమంటరు, ఎక్స్‌పీరియన్స్ లెటర్ రాయమంటే ముఖం తిప్పుకుంటరు. మనిషి చదువుకున్న చదువు ఆమె సొత్తు. దాన్ని తాకట్టు పెట్టుకునే హక్కు ఎవరిచ్చారు? ఇది వెట్టికి కొత్త పేరు కాదా?

పేరు గొడవ ఇంకోటి. పరీక్ష రోజు మన దేశపు అభ్యర్థికి పాస్‌పోర్టు ఒక్కటే గుర్తింపు. పరీక్షకు నమోదు చేసిన పేరు, పాస్‌పోర్టు మీద పేరు అక్షరం తేడా లేకుండా ఉండాలె. మన పదో తరగతి మెమోలో ఇంటిపేరు ఒక్క అక్షరం, డిగ్రీలో పూర్తి పేరు, పెండ్లయినంక పాస్‌పోర్టులో ఇంకో ఇంటిపేరు. ఈ తేడాతో గడప దగ్గరే వెనక్కి తిరగాల్సి వస్తది, కట్టిన రుసుం పోతది. చదువుతున్న చెల్లెళ్లు ఇవ్వాళే తమ కాయితాలన్నీ ఒక దగ్గర పెట్టి పేరు సరిచూసుకోవాలె.

ఇంకో నిజం కూడా చెప్పాలె. పరీక్ష నెగ్గడం వేరు, వీసా రావడం వేరు. నర్సులు పోయే ఈబీ-3 వరుసలో భారతీయుల తేదీ 2025 వేసవి బులెటిన్లలో కూడా 2013 దగ్గరే ఉంది. అంటే పన్నెండేండ్ల వెనుక. 'పాసైతే ఆరు నెలల్లో విమానం' అని చెప్పే ఏజెంటు అబద్ధం చెప్తున్నడు. వాడికి భూమి అమ్మి పైసలు కట్టవద్దు. గల్ఫ్‌కు నర్సుల నియామకాల్లో లక్షలకు లక్షలు గుంజిన దందా బయటపడ్డంకనే 2015లో కేంద్రం ఆ నియామకాలను రాష్ట్ర ప్రభుత్వ సంస్థలకు అప్పజెప్పింది. కేరళకు 1977 నుంచే ఓడెపెక్ ఉంది, తర్వాత నోర్కా వచ్చింది. మనకు టామ్‌కామ్ ఉంది. అది ప్రతి జిల్లా నర్సింగ్ కాలేజీ గడప తొక్కాలె.

'అందరూ పోతే ఇక్కడి రోగులకు దిక్కెవరు?' అని అడిగేవాళ్లున్నరు. న్యాయమైన ప్రశ్నే. గ్రామాల్లో, జిల్లా దవాఖానల్లో నర్సులు కావాలె. కానీ జవాబు కాయితాలు బిగబట్టడంలో లేదు. 2020 జూలైలో, కరోనా నడినెత్తిన ఉన్నప్పుడు, గాంధీ దవాఖాన ఔట్‌సోర్సింగ్ నర్సులు జీతం కోసం విధులు ఆపి కూర్చోవాల్సి వచ్చింది. చప్పట్లు కొట్టిన దేశం జీతం పెంచమంటే ముఖం చాటేసింది. 2022 డిసెంబర్‌లో స్టాఫ్ నర్సుల నోటిఫికేషన్ వచ్చింది. నియామక పత్రాలు చేతికొచ్చేసరికి 2024 జనవరి 31. ఇన్నేసి నెలలు ఆగి ఆగి విసిగిన బిడ్డ పాస్‌పోర్టు ఆఫీసుకు పోతే తప్పు ఎవరిది? మంచి జీతం, పక్కా కొలువు, మాటకు మర్యాద ఇస్తే సగం మంది ఇక్కడే ఉంటరు. మిగతావాళ్లు ఇష్టంతో పోతరు, గతిలేక కాదు.

అందుకే మన డిమాండ్లు తేటగా ఉన్నయి. ట్రాన్‌స్క్రిప్టు, ధ్రువీకరణ దరఖాస్తుకు గడువు పెట్టాలె, గడువు దాటితే అధికారి జవాబు చెప్పాలె. 2014కు ముందు చదివినవాళ్ల కోసం రెండు రాష్ట్రాల కౌన్సిళ్లు కలిసి ఒక్క కిటికీ తెరవాలె. ఒరిజినల్ సర్టిఫికెట్లు దాచుకునే యాజమాన్యం మీద కేసు పెట్టాలె. సర్కారు నర్సింగ్ కాలేజీల్లో సాయంత్రం పూట ఉచిత శిక్షణ పెట్టాలె. అన్నిటికంటే ముందు, క్లినికల్ బోధనలో 'నువ్వైతే ఏం చేస్తావు' అని విద్యార్థినిని అడగడం మొదలుపెట్టాలె. ఆ ఒక్క ప్రశ్న అమెరికా పోయే బిడ్డకే కాదు, ఆదిలాబాద్ వార్డులో పడుకున్న మన రోగికీ ప్రాణం పోస్తది.

విద్యార్థి సంఘాలూ, ఉద్యోగ సంఘాలూ ఈ మాటను తమ ఎజెండాలో రాసుకోవాలె. నర్సుల సమస్య నర్సులదే అని పక్కకు తప్పుకుంటే ఎట్ల? మన తల్లి ఐసీయూలో ఉన్నప్పుడు రాత్రంతా మేలుకునేది ఆ బిడ్డనే. ఆమె తన బతుకు కోసం పరీక్ష రాస్తానంటే, ఒక సంతకం కోసం ఆమెను ఏండ్ల తరబడి తిప్పుకోవడం మనందరికీ సిగ్గుచేటు.