పాలపండ్లు - పిప్పి

“ఎటులైనను రాలిపోవు పాలపండ్లకు చికిత్స యేల?” యని పలువురు తల్లులు తలంచుచుందురు. ఇది సరికాదు. పిప్పిపన్ను బిడ్డకు తిండిని, నిద్రను దూరము చేయును. చీము పట్టినచో దాని క్రింద పెరుగుచున్న శాశ్వతదంతమునకును హాని కలుగవచ్చును.

నోటిలోని సూక్ష్మజీవులు చక్కెరను ఆమ్లముగా మార్చును. ఆ యామ్లము పంటి పైపొరను కరగించును. కావున పాలసీసాను నోట నుంచి బిడ్డను నిద్రపుచ్చరాదు. తొలిపన్ను మొలచినది మొదలు దినమునకు రెండుమారులు తల్లియే తోమవలెను. మూడేండ్లలోపు వారికి ఫ్లోరైడు గల పేస్టు బియ్యపుగింజంత, ఆపైన ఆరేండ్ల వరకు బఠానీగింజంత చాలును. నల్లగొండ ప్రాంతమువలె భూజలమున ఫ్లోరైడు మిక్కుటమైన చోట్ల నీటినిగూర్చి వైద్యునితో చెప్పి వాడుట మేలు.

పిప్పి పట్టినను నిరాశ వలదు. సిల్వర్ డయమైన్ ఫ్లోరైడను ద్రవమును పూసినచో, మరతో తొలుచు బాధ లేకయే పిప్పి చాలవరకు నిలిచిపోవును. ప్రపంచ ఆరోగ్యసంస్థ 2021లో దీనిని ఆవశ్యకౌషధముల పట్టికలో చేర్చినది. పిప్పి పట్టిన భాగము నల్లబడును. ఆ నలుపునకు వెరవ నక్కరలేదు. అయితే నరము వరకు చొచ్చిన పిప్పికిది చాలదు. కావున నొప్పి పుట్టువరకు ఆగక, మొదటి పుట్టినరోజు నాటికే బిడ్డను దంతవైద్యునకు చూపవలెను.