తీగ మునిగింది, స్తంభం తేలింది

మగ్గం పని తెలిసిన ఇంట్లో ఒక సంగతి విడమరిచి చెప్పనక్కర్లేదు. పొద్దంతా ఎంత నేశామో మనసులో అనుకుంటే చాలదు, గుడ్డ కొలిచి మీటర్లు రాస్తేనే మజూరి చేతికొస్తుంది. కొలవని పని లెక్కలోకి రాదు. ఈ నెల ముచ్చట కూడా ఒక కొలత గురించే. కాకపోతే కొలిచింది గుడ్డను కాదు, నాచును.

ఇంగ్లండుకు ఉత్తరాన పెన్నైన్ కొండలున్నాయి. చలి, ముసురు, మంచు అక్కడ మామూలే. ఆ కొండల మీద మూర్ హౌస్ అనే చోట నేల తడిసిన దూది పరుపులాగా ఉంటుంది. కాలు పెడితే దిగబడుతుంది. ఆ పరుపు పేరు పీట్. చచ్చిన మొక్కలు పూర్తిగా కుళ్లకుండా పొర మీద పొర పేరుకుంటే అయ్యేదే పీట్. అందులో పెద్ద వంతు స్ఫాగ్నమ్ అనే నాచుది. వానాకాలంలో మన గోడల మీద, బావి రాళ్ల మీద మఖమల్ గుడ్డలాగా పచ్చగా పట్టే నాచుకు ఇది దూరపు చుట్టం. స్కాట్లాండు, ఐర్లాండు, స్వీడన్, ఫిన్లాండు, రష్యా, కెనడా, ఇట్లా ఉత్తరాది చలిదేశాలన్నిటా ఈ నేలలు ఉన్నాయి.

రిచర్డ్ క్లైమో అనే లండన్ శాస్త్రవేత్త ఏళ్ల తరబడి ఈ నాచు వెంట పడ్డారు. ఆయనకు ఒక చిక్కు వచ్చింది. ఈ నాచు ఏడాదికి ఎంత పెరుగుతుందో కొలిచేదెట్లా? చెట్టుకైతే మొదలుంటుంది, అక్కడి నుంచి కొలవొచ్చు. దీనికి వేరే లేదు. పైన కొస పెరుగుతూ ఉంటుంది, కింద చస్తూ ఉంటుంది. మరి టేపు ఎక్కడ పెట్టాలి?

1970లో ఆయన ప్రకటించిన ఉపాయం చూస్తే మన మిల్లు మేస్త్రీకి తట్టినట్టే ఉంటుంది. ఒక తీగ తీసుకుని రెండుచోట్ల వంచారు, పాత మోటారు బండిని తిప్పి స్టార్టు చేసే హ్యాండిల్ మాదిరి. కింది కొసను నాచులోకి దించారు. మధ్యలో అడ్డంగా ఉన్న వంపు వల్ల తీగ కిందికి జారదు. పై కొస నాచు మీద ఎంత పొడుగు కనబడుతుందో రాసుకున్నారు. కొన్ని నెలల తర్వాత వచ్చి మళ్లీ కొలవడమే. నాచు ఎంత లేస్తే తీగ అంత మునిగిపోతుంది. ఖరీదైన మిషను ఏమీ లేదు. తీగ ముక్క, స్కేలు, ఓపిక. ఈ నాచును చదివేవాళ్లు ఆ పద్ధతిని తర్వాత కూడా వాడుతూ వచ్చారు.

నాచు కొస ఏడాదికి కొన్ని సెంటీమీటర్లు పెరుగుతుంది. కానీ కిందిది చచ్చి, కుళ్లి, పై బరువుకు అణిగిపోయాక మిగిలే పీట్ సుమారు ఒక మిల్లీమీటరు. అంటే మీటరు మందం కావాలంటే వెయ్యేళ్లు!

ఇంత నిదానంగా పెరిగేది అన్ని మీటర్ల లోతు ఎట్లా పేరుకుంది? ఇల్లు నడిపే అక్కలకు ఈ లెక్క ఇట్టే అర్థమవుతుంది. వచ్చే పగారు ఎంత అన్నది ఒక్కటే కాదు, పోయే ఖర్చు ఎంత అన్నది అసలు ప్రశ్న. నాచుకు రాబడి తక్కువే. కానీ ఖర్చు, అంటే కుళ్లిపోవడం, ఇంకా తక్కువ. పుట్టినదాంట్లో చాలావరకు పై పొరలోనే కుళ్లి పోయినా, సుమారు పదో వంతు కింది నీటి పొరకు చేరుతుంది. అక్కడ గాలి ఆడదు కాబట్టి కుళ్లడం దాదాపు ఆగిపోతుంది. పైగా ఈ నాచు తన చుట్టూ ఉన్న నీటిని తానే పుల్లగా మారుస్తుంది. అది ఎట్లా చేస్తుందో క్లైమో 1963లోనే రాశారు. నీటిలోని కాల్షియం లాంటి వాటిని లాక్కుని, బదులుగా పులుపును వదులుతుందట. పచ్చడిలో పులుపు, ఉప్పు సరిగ్గా పడితే ఏడాది నిలుస్తుంది కదా, అట్లాగే పుల్లటి నీళ్లలో కుళ్లబెట్టే సూక్ష్మజీవులు జోరు తగ్గుతాయి.

అయితే కింది పొరలో కూడా కుళ్లడం పూర్తిగా సున్నా కాదు. నిలవ పెరిగేకొద్దీ మొత్తం మీద పోయేదీ పెరుగుతుంది. కాబట్టి ఏ పీట్ నేలా ఎప్పటికీ అట్లా పెరుగుతూనే పోలేదని ఆయన 1984లో లెక్క కట్టి చూపించారు.

దూదితో బతికే మనకు ఈ నాచుతో ఇంకో లంకె కూడా ఉంది. 1914లో మొదటి ప్రపంచ యుద్ధం వచ్చింది. గాయాలకు కట్టు కట్టడానికి దూది కావాలి. అదే దూదిని ఆమ్లాల్లో నానబెట్టి పేలుడు మందు చేస్తారు, ఫిరంగులకు అదీ కావాలి. దూదికి కటకట వచ్చింది. అప్పుడు ఎడింబరో సర్జన్ చార్లెస్ కాథ్‌కార్ట్ లాంటివాళ్లు స్ఫాగ్నమ్‌ను వాడమన్నారు. దీని ఆకులో ఎక్కువ భాగం చచ్చిన ఖాళీ గదులే, గోడలకు సన్న రంధ్రాలు. అందుకే తన బరువుకు ఇరవై రెట్ల దాకా నీరు పీలుస్తుంది, దూది కన్నా రెండింతలకు పైగా. స్కాట్లాండు, ఐర్లాండుల్లో ఆడవాళ్లు, పిల్లలు బురదలో దిగి నాచు ఏరారు, ఆరబెట్టారు, పలుచటి గుడ్డ సంచుల్లో పెట్టి కుట్టారు. 1918 నాటికి బ్రిటన్ నుంచి నెలకు పది లక్షల దాకా ఆ కట్లు ఆసుపత్రులకు వెళ్లాయి.

ఇప్పుడు రెండో కొలత. ఇంగ్లండులోనే తూర్పు వైపు, కేంబ్రిడ్జ్‌షైర్‌లో హోమ్ ఫెన్ అనే పీట్ నేల ఉంది. పక్కనే పెద్ద చెరువు ఉండేది. 1851లో ఆవిరి పంపు పెట్టి ఆ చెరువును తోడేసి పొలాలు చేశారు. నీళ్లు పోతే నేల ఎంత కుంగుతుందో చూద్దామని ఒక ఇనుప స్తంభం పాతారు. దాని తల అప్పుడు నేలకు సమానంగా ఉంది. ఇప్పుడు చూస్తే స్తంభం మనిషికి రెండింతలకు పైగా, సుమారు నాలుగు మీటర్లు, బయట నిలబడి ఉంది. స్తంభం లేవలేదు, నేల కుంగింది. నీళ్లు పోయి కొంత అణిగింది, గాలి తగిలి కొంత కుళ్లి బొగ్గుపులుసు గాలిగా ఎగిరిపోయింది. మిల్లీమీటరు లెక్కన చూస్తే నాలుగు వేల ఏళ్ల కూడబెట్టు, రెండు వందల ఏళ్లు నిండకముందే ఖాళీ.

ఎక్కడో చలిదేశపు బురద గోల మనకెందుకు అంటారేమో. భూమ్మీది నేలలో పీట్ నేలలు నూటికి మూడు వంతులే. కానీ లోకంలోని అడవుల చెట్లన్నిటిలో ఉన్నదాని కన్నా ఎక్కువ కార్బన్ వీటిలో దాగి ఉంది. దాన్ని కాపలా కాసేది నీళ్లు. కాలువ తవ్వి ఆ నీళ్లు తీసేస్తే కార్బన్ గాలిలో కలుస్తుంది. ఆ గాలి అందరిదీ. దాని వేడి ఇంగ్లండులోనే ఆగదు, మే నెలలో రేకుల షెడ్డు కింద సాంచెలు నడిపేవాళ్ల దాకా వస్తుంది.

ఒకప్పుడు అక్కడి తోటమాలులు కుండీల కోసం పీటే కొనేవాళ్లు. ఇప్పుడు చాలామంది దాని బదులు కొబ్బరి పీచు పొట్టు వాడుతున్నారు. అది మన పొల్లాచ్చి వైపు నుంచి కూడా ఓడల్లో వెళ్తోంది. హోమ్ ఫెన్ చుట్టూ ఉన్న భూముల్లో మళ్లీ తడి నిలిపే పని 2001 నుంచి నడుస్తోంది. నీళ్లు నిలిస్తే నాచు మళ్లీ పట్టొచ్చు, ఏడాదికి ఒక మిల్లీమీటరు. పోయిన నాలుగు మీటర్లు మన మనవల మనవలు కూడా చూడరు. అయినా ఆ స్తంభం అక్కడితో ఆగిపోతే అదే పెద్ద లాభం. ఆగిందో లేదో తెలియాలంటే ఎవరో ఒకరు వెళ్లి కొలుస్తూనే ఉండాలి.