కాళోజీ పోయిన తొవ్వకు బండి ఏది?

2022లో మానుకోటకు (మహబూబాబాద్‌కు) 150 సీట్లతో మెడికల్ కాలేజీ వచ్చినప్పుడు మా నర్సింహులపేటలో అందరి నోటా ఒకటే మాట: మన పిల్లలకు ఎన్ని సీట్లొస్తయ్? మరుసటి ఏడు జనగామ, భూపాలపల్లిలో వందేసి సీట్లతో ఇంకో రెండు కాలేజీలు తెరిచారు. హైస్కూల్లో జీవశాస్త్రం చెప్పి రిటైరైనవాణ్ణి, నాకు వేరే లెక్క తట్టింది. మొదటి ఏడాది అనాటమీలో పదిమంది విద్యార్థులకు ఒక మృతదేహం ఉండాలన్నది మన దేశంలో ఎప్పటి నుంచో చెప్పుకునే కొలత. మూడు కాలేజీలు, 350 సీట్లు. అంటే ఏటా 35 దేహాలు. అవి ఎక్కడి నుంచి రావాలి?

కొనడానికి అంగడి లేదు, ఉండకూడదు కూడా. ఆ అంగడి ఎట్లుంటదో 1828లో ఎడిన్‌బరోలో తేలిపోయింది. బర్క్, హేర్ అనే ఇద్దరు పదహారు మందిని చంపి, శవాలను అనాటమీ చెప్పే ఓ డాక్టరుకు అమ్ముకున్నారు. 1832లో బ్రిటన్ చట్టం తెచ్చింది. ఎవరూ రాని శవాలను వైద్య విద్యకు ఇవ్వొచ్చన్నది దాని సారం. మన దేశంలోని అనాటమీ చట్టాలూ ఆ అచ్చులో పోసినవే. బతికున్నప్పుడు ఎవరికీ పట్టనివాడు చచ్చాక డాక్టర్లకు పాఠమవుతాడు. అతణ్ణి ఎవరూ అడగలేదు, అతనూ ఒప్పుకోలేదు. రైల్వే ప్లాట్‌ఫారం మీద ప్రాణం విడిచిన ముసలాయనకు ఊరు, ఇల్లు ఉండే ఉంటాయి. కబురు చేరదు, అంతే.

పైగా ఆ శవం పనికొస్తుందన్న భరోసా కూడా లేదు. ఎవరో తెలియని శవమంటే పోలీసు పంచనామా, చాలాసార్లు పోస్టుమార్టం. దేహం చెడిపోకుండా తొడ దగ్గరో మెడ దగ్గరో రక్తనాళంలోకి ఫార్మలిన్ కలిపిన ద్రవం ఎక్కిస్తారు. అది నాళాల గుండానే ఒళ్లంతా పాకాలి. పోస్టుమార్టంలో నాళాలు తెగిపోయిన దేహంలోకి ఎక్కిస్తే దారిలోనే కారిపోతుంది. మార్చురీలో శవాలున్నా డిసెక్షన్ హాల్లో బల్లలు ఖాళీగా ఉండటానికి ఇదొక కారణం.

కేరళ ప్రభుత్వం దిక్కులేని శవాలను ప్రైవేటు కాలేజీలకు ఇచ్చేందుకు రేటే కట్టింది: ఫార్మలిన్ ఎక్కించిన దేహానికి 40,000 రూపాయలు, ఎక్కించనిదానికి 20,000. పారదర్శకంగా ఉందని మెచ్చుకునేవాళ్లున్నారు. నాకు మింగుడు పడలేదు. పిల్లవాడి దగ్గర లక్షల్లో ఫీజు తీసుకునే కాలేజీకి దిక్కులేనివాడి దేహం ఇంత చౌకగా దొరికితే, దాతల కోసం ఊళ్లకు వచ్చి అడగాల్సిన అవసరం దానికేముంటుంది?

ఇక మిగిలింది దానం. మన దగ్గర దానికి గొప్ప చరిత్రే ఉంది. 2002 నవంబరులో ప్రజాకవి కాళోజీ కన్నుమూస్తే ఆయన దేహం వరంగల్ కాకతీయ మెడికల్ కాలేజీకి వెళ్లింది. ఈ రోజు మానుకోట, జనగామ, భూపాలపల్లి పిల్లలకు డిగ్రీలిచ్చే ఆరోగ్య విశ్వవిద్యాలయం పేరు కాళోజీదే. ఆయన పేరు సర్టిఫికెట్ల మీదికెక్కింది గానీ, ఆయన చేసిన పని మాత్రం అక్కడే ఆగింది. 2022లో సాయుధ పోరాట యోధురాలు మల్లు స్వరాజ్యం దేహం నల్లగొండ మెడికల్ కాలేజీకి, 2024లో ప్రొఫెసర్ సాయిబాబాది హైదరాబాద్ గాంధీ మెడికల్ కాలేజీకి, సీపీఎం నేత సీతారాం ఏచూరిది ఢిల్లీ ఎయిమ్స్‌కు చేరాయి. ఏచూరి తల్లి కల్పకం గారి దేహమూ 2021లో ఎయిమ్స్‌కే ఇచ్చారు. నాకు గుర్తున్నంతలో ఈ జాబితా పార్టీ ఆఫీసు గోడ మీది ఫొటోల వరుసలా ఉంటుంది. పత్తి ఏరే ఇంట్లోంచి, కిరాణా కొట్టు ఇంట్లోంచి పేరు దొరకడం అరుదు.

వాళ్లకు మనసు లేక కాదు. మా వాడలో ఒక పెద్దాయన దేహదానం ఫారం నింపాడు. ఆదివారం రాత్రి ఇంట్లోనే పోయాడు. చనిపోయినట్టు డాక్టర్ సర్టిఫికెట్ కావాలి, ఆర్‌ఎంపీ రాసిచ్చిన చీటీ చెల్లదు. కాలేజీ వాళ్లిచ్చిన నంబరు మోగుతూనే ఉంది, ఎత్తేవారు లేరు. ఎండాకాలం, దేహం కొన్ని గంటల్లోనే చేరాలి. పొద్దెక్కేసరికి చుట్టాలొచ్చారు, "ఏం పనిరా ఇది, అనాథనా ఆయన?" అని పెద్దల్లుడు లేచాడు. ఫారం మీద సంతకం పోయినాయనది. మాట చెల్లేది ఉన్నవాళ్లది. మధ్యాహ్నానికి పాడె లేచింది.

సర్కారు దవాఖానలో ఎవరైనా చనిపోతే ఉచితంగా ఇంటికి చేర్చే పార్థివ వాహనాలు మనకు 2016 నుంచి ఉన్నాయి. మంచి పథకం. కానీ ఆ బండి దవాఖాన నుంచి ఇంటికి వస్తుంది. ఇంటి నుంచి కాలేజీకి ఎందుకు పోకూడదు? దాంతోపాటు పీహెచ్‌సీ డాక్టరుకు రాత్రిపూట వచ్చి మరణాన్ని ధ్రువీకరించే బాధ్యత, అనాటమీ విభాగంలో రాత్రీ పగలూ ఎత్తే ఒక ఫోను ఉంటే చాలు. కోట్లు పోసి భవనాలు కట్టిన ప్రభుత్వానికి ఈ ఖర్చు ఒక లెక్కా?

కుటుంబానికి డబ్బిస్తే సరి అనే మిత్రులున్నారు. నేనొప్పుకోను. మా దగ్గర చావు ఖర్చుకు అప్పు చేయని పేదిల్లు తక్కువ. పదివేలు చూపిస్తే కట్టెలకు లేనివాడే తండ్రిని పంపుతాడు, మళ్లీ మొదటికే వస్తాం. తమిళనాడు 2023 నుంచి అవయవదాతలకు ప్రభుత్వ లాంఛనాలతో అంత్యక్రియలు చేస్తోంది. సంతోషమే. దేహదాతకు నేనడిగేది తుపాకుల వందనం కాదు, బండికి డీజిల్.

2019లో వచ్చిన కొత్త ఎంబీబీఎస్ పాఠ్యక్రమంలో మృతదేహమే తొలి గురువన్న పాఠం ఉంది. గురువు ఇంటివాళ్లకు మాత్రం ఆ తర్వాత ఏ కబురూ ఉండదు. మా ఇంట్లో నా ఫారం నింపి ఉంది, భార్య సంతకం ఒక్కటే మిగిలింది. "పదకొండో రోజు పిట్టకు పెట్టుడు నేను ఎట్లనో చేసుకుంట. కోసుడంత అయినంక మిగిలినదాన్ని ఎప్పుడు కాల్చిన్రో, ఏడ కాల్చిన్రో ఒక కాయితం రాస్తరా?" అని అడిగింది. ఆ కాగితం రాసే పని ఏ గుమస్తాదో మూడు కాలేజీల ప్రిన్సిపాళ్లు చెబితే, ఆమె సంతకం పెడుతుంది.